అడిగేవాడికి చెప్పేవాడు లోకువా?

"హాయ్ సర్. ఎర్రర్ వస్తోంది. ప్లీజ్ హెల్ప్. అర్జెంట్."

కోడింగ్ నేర్చుకునేవాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్, డిస్కార్డ్ గ్రూపుల్లో ఒక్క వారం ఉన్నా ఈ మెసేజ్ మీ కంట పడే ఉంటుంది. దాని కింద జవాబు కూడా చూసే ఉంటారు: "గూగుల్ చెయ్ బ్రో." ఆ పక్కన పగలబడి నవ్వే ఎమోజీలు రెండు. అంతే, కథ కంచికి. అడిగినవాడికి పని కాలేదు, చెప్పినవాడికి పుణ్యం రాలేదు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని మనకో సామెత ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని దానికి జోడీ కూడా ఉంది. టెక్ గ్రూపుల కోసమే పుట్టాయేమో అనిపిస్తుంది ఈ రెండూ. ఒకడు అవతలివాళ్ల టైమ్‌ని లోకువ చేస్తాడు. ఇంకొకడు ఇవతలివాళ్ల తెలియనితనాన్ని లోకువ చేస్తాడు. ఈవారం ఈ రెండు లోకువల సంగతి మాట్లాడుకుందాం.

రెండు సెప్టెంబర్లు

ఇది వాట్సాప్‌తో మొదలైన గొడవేం కాదు. 1980లలోనే యూజ్‌నెట్ అని ఒకటి ఉండేది. ఇప్పటి గ్రూపులకి తాతయ్య అనుకోండి. ఎక్కువగా యూనివర్సిటీల వాళ్లు వాడేవాళ్లు. అమెరికాలో ఏటా సెప్టెంబర్ వచ్చేసరికి కాలేజీలో చేరిన కొత్త స్టూడెంట్లు గుంపుగా వచ్చిపడేవాళ్లు. అడిగిందే అడిగేవాళ్లు. పాతవాళ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటే కొత్తవాళ్లకి అక్కడి పద్ధతులు అలవాటయ్యేవి. తర్వాత ఇంటర్నెట్ కంపెనీలు మామూలు జనానికీ ఆ దారి తెరిచేశాయి. ఇక కొత్తవాళ్ల రాక ఆగలేదు. అందుకే 1993 సెప్టెంబర్‌ని 'ఎప్పటికీ ముగియని సెప్టెంబర్' అంటారు.

మనకీ అలాంటి సెప్టెంబర్ ఒకటుంది. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది, డేటా చవకైంది. అంతకుముందు నెట్ సెంటర్లో గంటకింత అని కట్టినవాళ్లు ఫోన్‌లోనే యూట్యూబ్ చూసి పైథాన్ మొదలుపెట్టారు. పాఠం దొరికింది. డౌట్ వస్తే అడగడానికి మాత్రం మనిషి లేడు. ఇంట్లో వాళ్లకి తెలీదు. కాలేజీలో అడిగితే "క్లాసులో ఏం చేస్తున్నావ్?" అంటారు. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్దామంటే ఫీజు, హాస్టల్ ఖర్చు.

అందుకే ఇది ఉత్త మర్యాద గొడవ కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న కుర్రాడికి ఆ గ్రూపే ల్యాబు, ఆ గ్రూపే సీనియర్, ఆ గ్రూపే ట్యూషన్. అక్కడ నవ్వులపాలైతే వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

ముందు అడిగేవాళ్ల సంగతి

2001లో ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్, రిక్ మోయెన్‌తో కలిసి ప్రశ్నలు తెలివిగా అడగడం ఎలా అని ఓ పెద్ద వ్యాసం రాశాడు. అడిగే ముందు మీరేం ప్రయత్నించారో చూపించండి అన్నది అందులో ముఖ్యమైన మాట. సలహా మంచిదే, గొంతే కాస్త కరుకు. దాన్ని చదివి నేర్చుకున్నవాళ్ల కంటే కొత్తవాళ్ల మొహాన లింకుగా విసిరినవాళ్లే ఎక్కువేమో అని నా అనుమానం. ఆ కరుకుదనం పక్కన పెట్టి, అసలు విషయం ఒక ఉదాహరణలో చూద్దాం.

మొదటి రకం ప్రశ్న: "పాండాస్ పనిచేయట్లేదు. హెల్ప్."

రెండో రకం: "విండోస్ 11లో వీఎస్ కోడ్ వాడుతున్నా. పిప్‌తో పాండాస్ ఇన్‌స్టాల్ చేస్తే సక్సెస్ అనే వచ్చింది. ప్రోగ్రాం రన్ చేస్తే మాత్రం 'నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్' అంటోంది. వీఎస్ కోడ్ మూసి తెరిచా, మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. అదే ఎర్రర్. ఇంకేం చూడాలి?"

రెండోది చదవగానే తెలిసినవాళ్లకి లైటు వెలుగుతుంది. బహుశా ఆ కంప్యూటర్లో రెండు పైథాన్‌లున్నాయి. పిప్ ఒకదాంట్లో పెట్టింది, వీఎస్ కోడ్ ఇంకోదాన్ని నడుపుతోంది. వీఎస్ కోడ్‌లో 'సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్' నొక్కి సరైన పైథాన్ ఎంచుకో అని ఒక్క ముక్క చెబితే చాలు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మాత్రం ముందు ఐదు ఎదురు ప్రశ్నలు వేయాలి. ఆఫీసులో టీ బ్రేక్‌లో ఫోన్ తెరిచిన మనిషికి అంత టైమ్ ఉండదు. అలా ఆ ప్రశ్న కిందికి జారిపోతుంది.

రెండూ అడిగింది ఒకే మనిషి అనుకోండి. తెలివి పెరగలేదు, ఇంగ్లిష్ పెరగలేదు. పెరిగింది సమాచారం ఒక్కటే. నాలుగు విషయాలు చెప్పారు: ఏం చేద్దామనుకున్నా, ఇప్పటిదాకా ఏం చేశా, ఏం జరుగుతుందనుకున్నా, నిజంగా ఏం జరిగింది. ఈ నాలుగూ తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, రెండూ కలిపి రాసినా పనవుతుంది. ఎర్రర్ మెసేజ్‌ని మాత్రం ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాలి.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ నాలుగూ రాస్తుంటే చాలాసార్లు జవాబు మనకే తట్టేస్తుంది. 1999లో వచ్చిన 'ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్' పుస్తకంలో, రబ్బరు బాతుని పెట్టుకుని దానికి తన కోడ్ లైన్ లైన్‌గా వివరించే ప్రోగ్రామర్ ప్రస్తావన ఉంటుంది. వివరిస్తుంటే తప్పు బయటపడుతుంది. బాతు నోరు విప్పక్కర్లేదు. మెసేజ్ టైప్ చేసి, పంపకుండానే డిలీట్ చేసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లకి గ్రూపే బాతు.

చిన్నవే గానీ...

ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో, అదీ ఏటవాలుగా ఫొటో తీసి పెట్టకండి. గీతలు గీతలుగా కనిపిస్తుంది, అది ఒకటి. ఇంకోటి, అందులోంచి కోడ్ కాపీ చేసి రన్ చేసి చూడలేరు. రేపు ఇంకెవరికైనా అదే ఎర్రర్ వస్తే గ్రూపులో వెతికినా దొరకదు. కోడ్‌ని, ఎర్రర్‌ని అక్షరాలుగా పెట్టండి. అదీ మొత్తం 400 లైన్లు కాదు, తప్పు కనిపించేంత చిన్న ముక్క చాలు.

"హాయ్" అని పెట్టి ఆగిపోకండి. "ఇక్కడ జావా తెలిసినవాళ్లున్నారా?" అని కూడా అడగొద్దు. ఉన్నామని చెబితే ఏం మీదపడుతుందో తెలియక తెలిసినవాళ్లు కూడా పలకరు. నేరుగా ప్రశ్నే పెట్టేయండి. నమస్కారం, ప్రశ్న రెండూ ఒకే మెసేజ్‌లో పట్టేస్తాయి.

మీరు ఎంచుకున్న దారి గురించి మాత్రమే కాదు, వెళ్లాలనుకున్న ఊరి గురించి కూడా చెప్పండి. "ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీయాలి?" అని ఒకరు అడిగారనుకోండి. ఎలా తీయాలో చెప్పేస్తాం. తీరా చూస్తే ఆయనకి కావాల్సింది ఆ ఫైల్ ఏ రకమో తెలుసుకోవడం. 'పీఎన్‌జీ' అయితే మూడక్షరాలు సరిపోతాయి. 'జేపీఈజీ' వచ్చిన రోజు నాలుగక్షరాలు, ప్రోగ్రాం బోల్తా. అసలు పనేంటో ముందే చెప్పి ఉంటే ఎవరో ఒకరు సరైన దారి చూపించేవాళ్లు.

"అర్జెంట్" అనే మాట తీసేయండి. అది మీకు అర్జెంటు, వాళ్లకి కాదు. "రేపు సబ్మిషన్ ఉంది" అని ఉన్నమాట చెప్పుకోవడంలో మాత్రం తప్పులేదు.

ఇక ఇది చాలా ముఖ్యం. స్క్రీన్‌షాట్ పంపే ముందు ఒక్కసారి చూసుకోండి. అందులో పాస్‌వర్డ్, ఏపీఐ కీ, ఫోన్ నంబర్, ఓటీపీ ఉన్నాయేమో. కీ ఒకసారి గ్రూపులో పడిందంటే తర్వాత డిలీట్ చేసినా లాభం లేదు, దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే. మీ ప్రశ్న చూసి ఎవరో తెలియనివాళ్లు విడిగా మెసేజ్ పెట్టి "ఈ యాప్ వేసుకో, నీ స్క్రీన్ నేనే చూసి బాగుచేస్తా" అంటే అక్కడితో ఆపేయండి.

జవాబు దొరికాక మాయమైపోకండి. ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కామిక్‌లో 2011లో ఓ బొమ్మ వచ్చింది. ఒకడికి కంప్యూటర్లో ఏదో సమస్య. నెట్ అంతా వెతికితే సరిగ్గా అదే సమస్యతో ఎప్పుడో ఒకే ఒక్కడు పెట్టిన పోస్టు దొరుకుతుంది. దాని కింద జవాబు ఉండదు. మానిటర్ పట్టుకుని ఊపేస్తూ "ఏం చూశావురా అప్పుడు?" అని అరవడం తప్ప ఏం చేయలేడు పాపం. మీ ప్రశ్న కింద "సాల్వ్ అయింది, థ్యాంక్స్" అని వదిలేస్తే ఇంకొకరికి ఆ గతే పట్టిస్తున్నట్టు. ఎలా సాల్వ్ అయిందో ఒక్క లైన్ రాయండి.

ఇక చెప్పేవాళ్ల వంతు

ఈమధ్య ఓ గ్రూపులో చూశాను. ఒకమ్మాయి అడిగింది: "గిట్, గిట్‌హబ్ రెండూ ఒకటేనా?"

వెంటనే జవాబు: "ఫైనల్ ఇయర్‌లో ఉండి ఇది కూడా తెలీదా?" దాని మీద నవ్వే ఎమోజీలు వరసగా పడ్డాయి. పది నిమిషాలకి ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ముడు చక్కగా రాశాడు. గిట్ అంటే మన కంప్యూటర్లో కోడ్‌కి జరిగిన మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేశాడు. గిట్‌హబ్ అంటే అలా దాచిన కోడ్‌ని పదిమందితో పంచుకోవడానికి 2008లో వచ్చిన వెబ్‌సైట్, ఇప్పుడు మైక్రోసాఫ్ట్ చేతిలో ఉంది. రెండే వాక్యాలు. వెక్కిరించడానికి పట్టే టైమ్‌కి ఇంకో నిమిషం కలిపితే చాలు. కానీ చదవాల్సిన మనిషి అప్పటికే లేదు.

నన్ను ఆపింది ఆ తర్వాత జరిగినది. ఆ జవాబుకి ఐదారుగురు థమ్సప్ పెట్టారు. అందులో ఇద్దరు ఇందాక నవ్వినవాళ్లే! వాళ్లకీ తెలీదన్నమాట. తెలీదని బయటపడకుండా ఉండడానికి నవ్వారు.

గ్రూపులో అడిగేది ఒక్కరే, చదివేది వందలమంది. మీరు మంచి జవాబిస్తే వందమంది నేర్చుకుంటారు. వెక్కిరిస్తే కూడా వందమంది నేర్చుకుంటారు, ఇక్కడ నోరు తెరవకూడదని. ఆ రెండో పాఠం ఇంకా గట్టిగా గుర్తుంటుంది.

న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే చోటు ఉంది. అక్కడ కొన్ని సరదా పద్ధతులు పెట్టుకున్నారు. వాటిలో ఒకటి: ఎవరైనా తెలీదంటే ఆశ్చర్యం నటించకూడదు. "ఏంటీ, నీకు లైనక్స్ తెలీదా!" అనే మాటలో ఎదుటివాళ్లు నేర్చుకునేదేమీ లేదు, నాకు తెలుసని చాటుకోవడం తప్ప. మన "ఇంత కూడా తెలీదా?"కి ఇంతకన్నా మంచి మందు నాకు కనిపించలేదు.

ఇందాకటి ఎక్స్‌కేసీడీలోనే 2012లో ఓ లెక్క వేశారు. అమెరికాలో ఏడాదికి సుమారు 40 లక్షల మంది పుడతారు. పెద్దయ్యేసరికి 'అందరికీ తెలిసిపోయే' విషయం ఏదైనా సరే, వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకరోజు మొదటిసారి తెలియాలిగా? అంటే రోజుకి దాదాపు 10,000 మంది దాన్ని మొదటిసారి వింటున్నారు. ఇవాళ మీ గ్రూపులో అడిగినవాళ్లు ఆ పదివేలలో ఒకరు. మీరూ ఒకప్పుడు అందులో ఒకరే. అత్తగారూ ఒకప్పుడు కోడలేగా.

"గూగుల్ చెయ్" అనేముందు ఒకటి ఆలోచించండి. వెతకాలంటే మాట తెలియాలి. కొత్తవాళ్ల దగ్గర లేనిదే ఆ మాట. "ఒక ప్రాజెక్టు ఫైల్స్ ఇంకో ప్రాజెక్టుని పాడుచేస్తున్నాయి" అని అడిగిన కుర్రాడికి 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' అనే పేరు ఎలా తెలుస్తుంది? "దీన్ని ఇలా అంటారు తమ్ముడూ, ఈ పేరుతో వెతుకు" అంటే అది కూడా మంచి జవాబే. ఒట్టి "గూగుల్ చెయ్" మాత్రం జవాబు కాదు. ఒక్కోసారి గూగుల్ చేస్తే మొదట వచ్చే రిజల్ట్ తెరిచి చూస్తే, అక్కడా ఎవరో "గూగుల్ చెయ్" అనే రాసి ఉంటారు!

"జస్ట్ ఇలా చెయ్", "చాలా సింపుల్" అనే మాటలు కూడా తగ్గించుకుంటే మంచిది. మీకు సింపుల్. మూడు గంటలుగా తల పట్టుకున్నవాళ్లకి ఆ మాట చెంపదెబ్బలా తగులుతుంది.

అలాగని అసైన్‌మెంట్ మొత్తం చేసి చేతిలో పెట్టక్కర్లేదు. వాళ్లు ఆగిన మెట్టు నుంచి పై మెట్టుకి చేయందిస్తే చాలు. "ఈ లూప్‌లో విలువ ప్రింట్ చేసి చూడు, ఎక్కడ తేడా వస్తుందో కనిపిస్తుంది" అంటే వాళ్లకి వచ్చేవారం కూడా పనికొస్తుంది.

జవాబు గ్రూపులోనే చెప్పండి. ముఖ్యంగా అడిగింది అమ్మాయి అయితే, "నంబర్ పెట్టు, విడిగా చెబుతా" అనే మెసేజ్‌లు ఇన్‌బాక్స్‌లో వచ్చిపడతాయి. ప్రశ్నలు మానేసి కాలేజీలో ఫ్రెండ్‌ని అడుక్కోవడమే నయం అనుకునే అమ్మాయిలు ఇందుకే ఉన్నారు. ప్రశ్న నలుగురిలో అడిగారు, జవాబూ నలుగురిలోనే ఉండాలి. అన్నట్టు, అడిగినవాళ్లందరూ "బ్రో"లు కాదు.

ఇక చెప్పేవాళ్ల తరఫున ఒక మాట. జీతం భత్యం లేకుండా రాత్రి పదింటికి కూర్చుని రాసేవాళ్లు వీళ్లు. అదే ప్రశ్న నలభయ్యోసారి వస్తే విసుగు రావడం సహజం. విసుగొచ్చినప్పుడు స్క్రోల్ చేసి వెళ్లిపోయే హక్కు ఎప్పుడూ ఉంది. ఊరుకోవడం తప్పు కాదు, కసరడమే తప్పు. పదేపదే వచ్చే పది ప్రశ్నలకి ఒకసారి జవాబులు రాసి గ్రూపు పైన పిన్ చేసి పెడితే ఇంకా నయం. "ఇదిగో ఇక్కడ రాశాం, అర్థం కాకపోతే మళ్లీ అడుగు" అని లింకు ఇవ్వచ్చు. ఆ చివరి ముక్క ఉంటే లింకు తలుపు తెరిచినట్టుంటుంది, లేకపోతే మూసినట్టుంటుంది.

లైబ్రరీనా, క్లాసురూమా?

స్టాక్ ఓవర్‌ఫ్లో పేరు వినే ఉంటారు. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టారు. ఒక ప్రశ్నకి ఒక మంచి జవాబు, అది పదికాలాలు అందరికీ పనికిరావాలన్నది వాళ్ల ఆలోచన. అందుకే ఇంతకుముందు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే మూసేస్తారు. నచ్చకపోతే మైనస్ ఓటు వేస్తారు. వెతుక్కునేవాళ్లకి అది బంగారం. మొదటిసారి అడిగేవాళ్లకి మాత్రం గుండె దడ. కొత్తవాళ్లకి ఇక్కడ ఆదరణ సరిగా దొరకట్లేదని 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీయే తన బ్లాగులో ఒప్పుకుంది. కొత్తగా చేరినవాళ్ల ప్రశ్న పక్కన వీళ్లు కొత్త అని గుర్తు చూపించడం కూడా ఆ ఏడాదే మొదలుపెట్టారు.

నాకు అర్థమైందేంటంటే, అది లైబ్రరీ. మనం క్లాసురూమ్ అనుకుని వెళ్తాం. లైబ్రరీలో గట్టిగా మాట్లాడితే "ష్" అంటారు, అది మన మీద కోపం కాదు. అడిగే ముందు ఏ చోటులో ఉన్నామో చూసుకుంటే సగం అవమానాలు తప్పుతాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోకి స్పానిష్, పోర్చుగీస్, రష్యన్, జపనీస్ భాషల్లో విడి సైట్లు ఉన్నాయి. తెలుగులో లేదు. కాబట్టి ప్రస్తుతానికి తెలుగులో మనకున్న క్లాసురూములు మన గ్రూపులే. వాటిని కూడా కసురుకునే చోటుగా మారిస్తే ఎలా?

చాట్‌జీపీటీ ఉండగా ఈ గోలంతా ఎందుకు?

ఈ మాట అనేవాళ్లు చాలామంది. నిజమే, అది నవ్వదు, విసుక్కోదు, అర్ధరాత్రి రెండింటికి కూడా "మంచి ప్రశ్న" అంటుంది. అడగడానికి భయపడ్డ పిల్లలు దాని దగ్గరికి వెళ్లారంటే వాళ్ల తప్పు కాదు, మన గ్రూపుల తప్పు.

కాకపోతే రెండు సంగతులు. అది తప్పు చెప్పినా అంతే ధీమాగా చెబుతుంది. కొత్తవాళ్లకి అది తప్పని కనిపెట్టడం కష్టం. అందుకే చాట్‌జీపీటీ వచ్చిన కొద్దిరోజులకే, 2022 డిసెంబర్‌లో, స్టాక్ ఓవర్‌ఫ్లో దాంతో రాసిన జవాబులు పెట్టొద్దని నిషేధించింది. మీరు కూడా ఎవరికైనా జవాబు చెప్పేటప్పుడు అది ఇచ్చింది రన్ చేసి చూడకుండా అతికించకండి. ప్రశ్నలో దాని కోడ్ ఉంటే ఆ మాట చెప్పేయండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

రెండోది, మీకూ దానికీ మధ్య జరిగిన సంభాషణ మీ ఫోన్‌లోనే ఉండిపోతుంది. పక్క జిల్లాలో అదే ఎర్రర్‌తో కొట్టుకుంటున్న అమ్మాయికి అందదు. అయినా ఆ మెషీన్‌కి ఇంత తెలివి ఎక్కడిది? మనుషులు నెట్‌లో ఒకరికొకరు ఊరికే చెప్పుకున్న జవాబులు కూడా దాని మేతలో ఉన్నాయి. 2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో, ఓపెన్ఏఐ ఒప్పందం కూడా చేసుకున్నాయి. మనం నలుగురిలో అడగడం, చెప్పడం మానేస్తే రేపటి కొత్త సమస్యలకి జవాబులు ఎక్కడినుంచి వస్తాయి?

తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీకి 'రచ్చబండ' అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు చాలా ఇష్టం. రచ్చబండ దగ్గర కూర్చోడానికి అర్హత పరీక్షలుండవు. వికీపీడియాలో కొత్తవాళ్లని కరవొద్దు అని ఏకంగా ఒక పద్ధతే రాసి పెట్టుకున్నారు. మన గ్రూపుల రూల్స్‌లో "నో స్పామ్, నో ప్రమోషన్స్" పక్కన ఆ ఒక్క లైన్ కూడా చేరిస్తే పోయేదేముంది?

అడగందే అమ్మైనా పెట్టదు కాబట్టి, డౌట్ ఉన్నవాళ్లు ఈవారం ఆ నాలుగు విషయాలూ రాసి అడిగేయండి. చెప్పగలిగినవాళ్లు మీ గ్రూపులో కాస్త పైకి స్క్రోల్ చేయండి. జవాబు లేకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటైనా ఉంటుంది. రెండు రోజులు ఆలస్యమైనా పర్లేదు, రెండు లైన్లు రాయండి. అడిగినవాళ్లు ఇంకా గ్రూపులోనే ఉంటే చదువుకుంటారు.